పక్కన పెట్టిన పుస్తకమే...

బైబిలు తెరిచిన కొత్తలో చాలామందికి ఎదురయ్యే చిక్కే అగస్టీన్‌కీ ఎదురైంది. క్రీ.శ.354లో ఇప్పటి అల్జీరియాలో పుట్టిన ఆయనకు 19 ఏళ్లప్పుడు సిసిరో పుస్తకమొకటి జ్ఞానం మీద ఆశ పుట్టించింది. ఆ ఆశతోనే బైబిలు పట్టుకుంటే... భాష మోటుగా తోచింది. పక్కన పెట్టేశాడు. పాత నిబంధనను తప్పుపట్టే మానీ మతస్థులతో తొమ్మిదేళ్లు తిరిగాడు. తల్లి మోనికా మాత్రం కన్నీటి ప్రార్థన మానలేదు.

384లో అలంకారశాస్త్రం బోధించడానికి మిలాన్ వెళ్లాడు. బిషప్ ఆంబ్రోస్ మాటతీరు చూద్దామని చర్చికి వెళితే, తాను చులకన చేసిన వాక్యాల్లోనే లోతైన అర్థాలు వినిపించాయి. 386లో ఓ తోటలో, మనసు నలిగి ఏడుస్తూ పౌలు పత్రిక తెరిచాడు. అంతే, తటపటాయింపు తీరిపోయింది. మరుసటేడు ఈస్టర్‌కి ఆంబ్రోస్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు.

ప్రశ్నలు అక్కడితో ఆగలేదు. తర్వాత హిప్పో బిషప్ అయ్యాక, లేఖనాలను ఎలా చదవాలో చెబుతూ ఓ గ్రంథమే రాశాడు. ముందు మొత్తం చదవాలి. తేటగా ఉన్నచోట నేర్చుకున్నదాంతో కష్టమైనచోట ముడి విప్పుకోవాలి. అనుమానమొస్తే హీబ్రూ, గ్రీకు మూలాలు చూడాలి. అన్నిటికీ మించి... మన వివరణ దేవుడి మీదా పొరుగువాడి మీదా ప్రేమను పెంచకపోతే, ఆ వాక్యం ఇంకా అర్థంకానట్టే!

397 ప్రాంతంలో మొదలుపెట్టిన ఆ గ్రంథం పూర్తవడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది. విశ్వాసంలో కొత్తగా అడుగుపెట్టి, అర్థంకాని అధ్యాయం దగ్గర ఆగిపోయినవారికి ఆ ముప్ఫై ఏళ్లే ధైర్యం.