కొండవాగులో గాలం వేయడానికి ఏం తొడుక్కోవాలి?

ఛత్తీస్‌గఢ్‌లోని ధర్సీవా చుట్టుపక్కల ఖారున్ నది ఒడ్డున గాలం వేసేవారికి వేషం గురించి బెంగ లేదు. నూలు చొక్కా, పైకి మడిచిన ప్యాంటు, రబ్బరు చెప్పులు చాలు. తడిస్తే ఎండ ఆరబెడుతుంది. అదే వేషంతో హిమాచల్‌లోని తీర్థన్ లోయకు, ట్రౌట్ చేప కోసం కొండదారి పట్టి నడిచి వెళ్తే ఎందుకు కుదరదు?

నూలు బట్టతో ఇబ్బంది ఏమిటి?

మనల్ని వెచ్చగా ఉంచేది బట్ట పోగుల మధ్య చిక్కుకున్న గాలి. నూలు తడిస్తే ఆ ఖాళీల్లోకి నీరు చేరి, అక్కడే ఉండిపోతుంది. కదలని గాలికన్నా నీరు వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. తడి ఆరేటప్పుడు ఒంటి వేడి మరికొంత పోతుంది. మే నెలలో ధర్సీవాలో ఇది హాయి, కొండల్లో ప్రమాదం. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సగటున ఆరున్నర డిగ్రీల చలి పెరుగుతుంది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి జారితే ముందు వణుకు, తర్వాత మాట తడబాటు, ఆపై మతిమరుపు.

మరి ఏ బట్ట మేలు?

ఒంటికి ఆనుకుని పాలిస్టర్ లేదా పల్చటి ఉన్ని బనియను వేసుకోవాలి. పాలిస్టర్ పోగు నీటిని దాదాపు పీల్చుకోదు కాబట్టి పిండితే త్వరగా ఆరుతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టరు, అన్నిటికీ పైన గాలిని, వానను ఆపే పల్చటి జాకెట్టు. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది కనుక స్వెట్టరు తీసి సంచిలో పెట్టి, వాగు దగ్గర ఆగగానే వేసుకోవాలి. జీన్స్ ఇంటి దగ్గరే వదిలేయండి. తడిస్తే బరువెక్కుతుంది, తొందరగా ఆరదు.

చెప్పులు ఎందుకు వద్దు?

వాగు రాళ్ల మీద నాచు పల్చటి జిగురు పొరలా పరుచుకుని ఉంటుంది. నున్నటి రబ్బరు దాని మీద నిలవదు. ప్రవాహం చెప్పును లాక్కుపోతుంది, వేళ్లు రాళ్లకు కొట్టుకుంటాయి. ముందు భాగం గట్టిగా, మడమ బిగువుగా ఉండి, నీరు బయటికి పోయే రంధ్రాలున్న బూట్లు కావాలి. ఒకప్పుడు గాలం వేసేవాళ్లు ఫెల్ట్ అడుగును మెచ్చుకునేవారు. అది నాచు మీద బాగా పట్టు ఇస్తుంది. కానీ తడి ఆరని ఆ ఫెల్ట్‌లో దాక్కుని నాచుజాతి జీవులు ఒక నది నుంచి మరో నదికి చేరతాయని, న్యూజిలాండ్ 2008లో దాన్ని నిషేధించింది. మెత్తటి రబ్బరు అడుగుకు లోహపు మొలలు బిగించిన బూట్లు నేడు దానికి ప్రత్యామ్నాయం. ఏ బూట్లయినా మరో వాగుకు వెళ్లేముందు కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి.

గమ్ బూట్లు, వేడర్లు?

గమ్ బూటు పైఅంచు దాటి నీరు వచ్చిందంటే బయటికి పోదు, అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. వేడర్లు అంటే ఛాతీదాకా వచ్చే, నీరు చొరని తొడుగులు. అవి చల్లటి నీటిలో చాలాసేపు నిలబడేవారికి పనికొస్తాయి. పడినప్పుడు నీరు లోపలికి దూరకుండా నడుముకు బెల్టు బిగించడం తప్పనిసరి. దూరం నడిచి వెళ్లేవారికి అవి బరువు. వాళ్లు తీరం వెంబడే గాలం వేసుకుంటూ పోవడం మంచిది.

ఒక జత బూట్లు చాలవా?

నానిన చర్మం మెత్తబడి, రాపిడికి బొబ్బలెక్కుతుంది. అందుకే నడకకు ఒక జత, నీటికి ఒక జత. రెండూ మోయలేకపోతే నీటి బూట్లతోనే నడవండి, కానీ పొడి మేజోళ్లు ఒక ప్లాస్టిక్ సంచిలో దాచుకోండి.

రంగు ముఖ్యమా?

అవును. నీటి లోపలి చేపకు పైలోకమంతా సుమారు 97 డిగ్రీల కోణమున్న గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. తెల్ల చొక్కా ఆకాశం ముందు కదిలితే ట్రౌట్ పారిపోతుంది. ఆకుపచ్చ, మట్టిరంగు, బూడిదరంగు మేలు.

ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లి వైపు వాగులకైతే?

అక్కడ చలికన్నా జలగలు, ముళ్లు, జారుడు రాళ్లు ఎక్కువ ఇబ్బంది. వానాకాలంలో త్వరగా ఆరే పూర్తి ప్యాంటు వేసుకుని, అంచులను మేజోళ్లలోకి దోపాలి. అడవిలో అనుమతి లేకుండా గాలం వేయవద్దు.

హిమాచల్‌లో ట్రౌట్‌కు లైసెన్సు కావాలి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట మూసివేస్తారు. డబ్బు ఒక్కదానికే సరిపోతే బూట్లు కొనండి. గాలం, కర్ర అక్కడైనా అద్దెకు వెతుక్కోవచ్చు, మీ కాలికి సరిపోయే బూట్లు దొరక్కపోవచ్చు.