రాకాసి గుళ్ళు – మృత్యుచింతన

భూపాలపల్లి జిల్లాలోని టేకుమట్ల మండలపు అంచున మానేరు ప్రవహించుచున్నది. అచ్చటినుండి తూర్పు దెసగా పోయి తాడ్వాయి అడవులు చొచ్చినచో, దామెరవాయి వద్ద గుట్టలపైన ఇసుకరాతి పలకలతో పేర్చిన గదులు కనబడును. ప్రక్కల నిలువు పలకలు, పైన మూతవలె ఒక పెద్ద పలక. ఇట్టి కట్టడములను మన పల్లెలలో రాకాసి గుళ్ళందురు. ఇంతటి బరువు మనుష్యులు ఎత్తజాలరు కనుక రాక్షసులే కట్టిరని భావము.

నిజమునకివి గుళ్ళు కావు, సమాధులు. ఇనుము వాడుకకు వచ్చిన కాలమున, ఇంచుమించు క్రీస్తు పూర్వము 1000 మొదలు క్రీస్తు శకారంభము వరకు, దక్షిణాపథమున ఇట్టి బృహచ్ఛిలా సమాధులు వేలకొలది వెలసినవి. రాక్షసుల అవసరము లేదని విద్యార్థులే లెక్కగట్టవచ్చును. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందము గల పలక ఒకటి ఉన్నదనుకొందము. దాని ఘనపరిమాణము 1.2 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు ఇసుకరాయి సుమారు 2,300 కిలోలు తూగును. అనగా పలక బరువు 2,760 కిలోలు. మనిషికి 40 కిలోల వంతున 69 మంది చాలుదురు. మోకులు, దుంగలు, మీటకొయ్యలు ఉన్నచో ఇంకను తక్కువ మంది. ఒక చిన్న ఊరి జనము పొలము పనులు మాని పూనుకొన్నచో జరుగు పని.

ఆ జనుల సొంత ఇండ్లు మాత్రము కొయ్య, మట్టి, గడ్డితో కట్టినవి. అందుచేతనే సమాధులు దొరికినంతగా వారి నివాసముల జాడలు దొరకుట లేదు. తాముండు ఇంటికి గడ్డి, చనిపోయినవారికి రాయి! సమాధులను త్రవ్వినచోట్ల నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు లభించినవి. పెక్కింట ఒకరివి కాక అనేకుల ఎముకలు ఉన్నవి.

ఇదే మానేటి పరీవాహకములో, పెద్దపల్లి జిల్లా ధూళికట్ట వద్ద 1970ల దశకమున త్రవ్వకములు జరిగి బౌద్ధస్తూపము వెల్లడియైనది. స్తూపము పుట్టుకలోనే ధాతుగర్భము, అనగా గతించినవారి అవశేషములపై కట్టిన కట్టడము. బౌద్ధులు మరణస్మృతిని ఒక అభ్యాసముగా నేర్పిరి. సతిపట్ఠాన సుత్తమున శ్మశానమునందలి దేహము శిథిలమగు తొమ్మిది దశలను తలచి, నా దేహమును ఇట్టిదే యని గుర్తింపుమని చెప్పబడినది. భయపెట్టుట దాని ఉద్దేశము కాదు. ఉన్న సమయమును వ్యర్థపుచ్చకుండుట.

మృత్యువును తలచినవాడు నిజముగా మేలుగా జీవించునా? ఇది పరీక్షింపదగిన ప్రశ్న. 1973లో ఎర్నెస్ట్ బెకర్ అను అమెరికన్ పండితుడు, మానవుని నడవడిలో చాలభాగము మరణమును మరచుటకు చేయు ప్రయత్నమేనని ఒక గ్రంథమున వాదించెను. దీనిని ఆధారముగా గొని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1989లో ఒక ప్రయోగము ప్రకటించిరి. 22 మంది న్యాయాధిపతులకు ఒకే కల్పిత కేసు ఇచ్చిరి. కొందరిని ముందుగా తమ మరణమును గురించి వ్రాయుమనిరి. అట్లు వ్రాసినవారు విధించిన జామీను సగటున 455 డాలర్లు, వ్రాయనివారిది 50. మరణచింత వారిని దయాళువులను చేయలేదు సరిగదా, కఠినులను చేసెను! అయితే ఈ వర్గమునకే చెందిన మరియొక ప్రయోగమును అనేక ప్రయోగశాలలు కలిసి తిరిగి చేసి 2022లో ఫలితములు ప్రకటించినపుడు, ఆశించిన ప్రభావము కనబడలేదు. కనుక 22 మందితో తేలిన దానిపై ఎక్కువ భారము మోపరాదు.

నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోచునది లారా కార్‌స్టెన్‌సెన్ పరిశోధన. ముందున్న కాలము కొంచెమే అని తోచినపుడు మనుష్యులు కొత్త పరిచయములకన్న ఆత్మీయుల సాంగత్యమును కోరుదురని ఆమె చూపెను. వృద్ధులలో ఇది సహజము. కాని 1997లో హాంగ్‌కాంగ్ చైనా వశమగుటకు కొద్ది నెలల ముందు అచ్చటి యువకులు సైతము వృద్ధులవలెనే ఆత్మీయులను ఎన్నుకొనిరి. మరుసటి యేడు పూర్వపు రీతికే మరలిరి. అనగా మార్పునకు కారణము వయస్సు కాదు, మిగిలిన కాలమును గూర్చిన ఎరుక.

ఈ ఎరుక నేటి పిల్లలకు కొరవడుటకు మంచి కారణమే ఉన్నది. 1941–51 దశాబ్దమున భారతీయుని సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. నేడు 70 ప్రాంతమున ఉన్నది. నాడు అందరును 32వ యేట చనిపోయిరని అర్థము కాదు. శిశువుల మరణములే సగటును క్రిందికి లాగినవి. నాడు చావు చూడని ఇల్లు అరుదు. నేటి పదిహేనేండ్ల విద్యార్థి ఒక్క మరణమునైనను దగ్గర నుండి చూడకయే ఉండవచ్చును. అతనిచే ఈ లెక్క చేయింపుడు: 80 ఏండ్లు బ్రతికినచో మొత్తము సుమారు 4,170 వారములు, అందు 780 గడచినవి.

ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. మృత్యువును తలచుట వేరు, బ్రతుకుపై విరక్తితో చావును కోరుట వేరు. రెండవది ఏ విద్యార్థి మాటలలోనైన వినబడినచో లెక్కలు కట్టి బోధింపక, వెంటనే చెంత కూర్చుండి వినవలెను, పెద్దలకు తెలుపవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై లభించును.

దామెరవాయికి పిల్లలను తీసికొనిపోవువారు పలకలను కదల్చనీయరాదు. నిధులున్నవను భ్రమతో ఇట్టి సమాధులను త్రవ్వి పాడుచేయుట తెలంగాణమున పెక్కుచోట్ల జరిగినది. ఏ ఎముక ఏ కుండ ప్రక్కన, ఏ దిక్కున ఉన్నదో ఒకమారు చెదిరినచో, ఆ సమాధిలోనివారిని ఎట్లు సాగనంపిరో తెలిసికొను దారి మరి లేదు.