డెల్టా పనుల అంచనాల్లో తుపానుకు పద్దు ఏదీ?

పామర్రు : కృష్ణా డెల్టా దిగువ భాగంలో కాల్వ బాగుచేసినా, రోడ్డు వేసినా, వంతెన కట్టినా ముందుగా తేల్చుకోవలసిన సంగతులు రెండే. నీరు ఏ తేదీకి వస్తుంది? వచ్చిన నీరు ఎన్నాళ్లకు బయటకు పోతుంది? ఈ రెండూ అంచనా కాగితాల్లో లేకుండా మొదలైన పని ఎంత గట్టిగా కట్టినా మొదటి పెద్ద వానకే దాని లోపం బయటపడుతూ వుంది. వాతావరణం మారుతున్నదని, వాన పడితే ఒక్కసారే కుండపోతగా పడుతున్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్న మాట ఈ ప్రాంత రైతులకు కొత్త కాదు. ఆ మాట టెండరు షెడ్యూలులోకి ఎక్కకపోవడమే ఇక్కడి చిక్కు.

పామర్రు పరిసరాల్లో సార్వా వరే ప్రధాన పంట. కోతకు రెండు మూడు రోజుల ముందు చేలోనే మినుము చల్లుతారు. భూమిలో మిగిలిన పదునుతోనే ఆ పైరు పండాలి. ధాన్యం డబ్బు పెట్టుబడికీ, కౌలుకూ పోగా ఇంట్లో మిగిలేది మినుము డబ్బేనని కౌలు రైతులు అంటూ వుంటారు. కోత వెనకబడితే అందుచేత దెబ్బ ఒక పంటకు కాదు, రెంటికీ.

లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది. 150 రోజుల రకానికి జూన్ 10న నారు పోస్తే నవంబరు 7 నాటికి చేను కోతకు వస్తుంది. కాల్వ నీరు ఆలస్యమై జూలై 15న పోస్తే కోత డిసెంబరు 12కు పోతుంది. ఈ రెండు తేదీల నడుమ వున్న ఐదు వారాలే కోస్తాలో తుపానుల కాలం. దివిసీమను ఉప్పెన ముంచెత్తినది 1977 నవంబరు 19న. ఆనాడు ప్రాణాలు కోల్పోయినవారు అధికార లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది. మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినది 2023 డిసెంబరు 5న. అప్పుడు ఆలస్యంగా నాటిన చేలు నేలకొరిగాయి, కోసిన పనలు నీట తేలాయి.

నీరు ముందుగా రావడం ఒకప్పుడు కృష్ణమ్మ దయ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాత కూడా, నదికి నీరు వస్తేనే డెల్టాకు నీరు. ఎగువన ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, సాగర్ నిండిన తరువాతే దిగువకు వంతు రావడంతో నాట్లు ఆగస్టుకు జరిగాయి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలు కట్టి గోదావరి నీటిని బ్యారేజి ఎగువకు మళ్లించిన తరువాత కొన్ని సంవత్సరాలు జూన్‌లోనే కాల్వలకు నీరు వదలడం సాధ్యపడింది. 45.77 టి.ఎం.సి.ల పులిచింతల కూడా అందుకు తోడయింది. రాజకీయ వాదనల సంగతి ఎలా వున్నా, పంట క్యాలెండరును తుపానుకు ముందుకు జరపడమనే ఉపాయం మాత్రం ఈ ప్రాంతానికి సరిగ్గా తగినది.

అయితే ఇక్కడే మరో పేచీ వుంది. కాల్వల మరమ్మతులు చేయాలన్నా, లాకులు బాగుచేయాలన్నా కాల్వలు కట్టేసిన వేసవిలోనే చేయాలి. జూన్‌లో నీరు వదలాలంటే పనివారికి దొరికేది రెండు నెలలే. 4,500 కోట్ల రూపాయలకు పైగా అంచనాతో 2008 ప్రాంతంలో తలపెట్టిన డెల్టా ఆధునికీకరణలో చాలా ప్యాకేజీలు గడువులో పూర్తి కాకపోవడానికి ఈ వ్యవధి చాలకపోవడమూ ఒక కారణం. పని కోసం నీరు ఆపితే కోత తుపానులో పడుతుంది. నీటి కోసం పని ఆపితే శివారు భూములకు నీరందదు. పని పది రోజులు జాప్యమైతే కాంట్రాక్టరు చెల్లించవలసిన జరిమానా ఒప్పందంలో రాసి వుంటుంది. ఆ పది రోజులకు రైతు చెల్లించేది ఏ ఒప్పందంలోనూ వుండదు!

మురుగు కాల్వల దుస్థితి

ముందుగా నాటినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రే నరసాపురం సమీపాన తీరం దాటింది. ముందు నాటిన చేలు అప్పటికి ఈని, గింజ పాలు పోసుకునే దశలోనో, గట్టిపడే దశలోనో వుంటాయి. ఆ సమయంలో చేను పడిపోయి నీరు నాలుగు రోజులు నిలిస్తే గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. అప్పుడు రైతును కాపాడగలిగినది మురుగు కాల్వ ఒక్కటే.

డెల్టా నేల వాలు బహు స్వల్పం. లజ్జబండ, గుండేరు, శివగంగ, దివిసీమలో రత్నకోడు వంటి డ్రెయిన్లు పొలాల నీటిని మెల్లగా సముద్రం వైపు మోస్తాయి. గుర్రపుడెక్క అల్లుకుని, అడుగున పూడిక పేరుకుంటే వున్న కాస్త వాలూ పనికిరాకుండా పోతుంది. ఆపైన సముద్రం పోటు మీద వున్నంతసేపు నీరు దిగనే దిగదు. ఇదేమీ ఇప్పుడు కనిపెట్టిన సంగతి కాదు. 1964 వరదల తరువాత మిత్రా కమిటీ డెల్టా మురుగు పారుదలను పరిశీలించి సిఫార్సులు చేసింది. ఆ పనుల కోసం రైతుల నుంచి సెస్సు వసూలుకు 1968లో చట్టం కూడా చేశారు. డ్రెయిన్లకు ప్రత్యేకంగా పన్ను విధించవలసినంత అగత్యం ఆనాడే గుర్తించారన్నమాట. కాని పూడికతీత పనులు నేటికీ తరచు వేసవి చివర మొదలై, తొలకరి రాగానే అరకొరగా ముగుస్తున్నాయి. తీసిన మట్టిని గట్టు అంచునే పోస్తే మొదటి వానకు అది తిరిగి డ్రెయిన్లోకే జారుతుంది.

రోడ్ల సంగతీ ఇంతే. పామర్రు నాలుగు రోడ్ల కూడలి. విజయవాడ - బందరు జాతీయ రహదారి ఒకటి, గుడివాడ మీదుగా దిగమర్రు పోయే 165వ నంబరు రహదారి మరొకటి. రోడ్డును మెరక చేస్తే బస్సులు ఆగవు, సంతోషమే. కాని చదును నేలలో మెరక రోడ్డు అంటే అడ్డుకట్టే. తూములు పాత వానల లెక్కతో పెడితే ఎగువ పొలాలు చెరువులవుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచి, గుడివాడ పక్కనున్న నందివాడ మండలం దాకా గ్రామాలను చుట్టుముట్టింది. ఆ నెల 2న ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. బ్యారేజి రూపకల్పన లెక్క 11.9 లక్షలు. మిగిలిన అంతరం ఎంతో ఎవరైనా లెక్కవేసుకోవచ్చు.

సముద్రం దగ్గర ఉప్పు బాధ వేరే. కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో డ్రెయిన్లు కరకట్టను దాటే చోట స్లూయిజ్ తలుపులు వుంటాయి. పోటు వచ్చినప్పుడు అవి మూసుకోవాలి, ఆటు మీద తెరుచుకోవాలి. ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తింటుందో ఆ వూళ్లలో ఇంటి కిటికీ ఊచలు చూస్తే తెలుస్తుంది. తలుపు బిగించడానికి సొమ్ము మంజూరవుతుంది గాని ఏటేటా రంగుకూ, గ్రీజుకూ, కావలి మనిషికీ పద్దు వుండదు. తలుపు చిల్లుపడిన మరుసటి ఏడు ఉప్పునీరు పొలం చేరుతుంది. 2023 మేలో పనులు మొదలైన బందరు పోర్టు వల్ల తీరాన ఇసుక కదలికలు మారి డ్రెయిన్ల మొగలు పూడకుండా చూడటమూ ఈ లెక్కలోదే.

మంచి జరిగిన చోటు చెప్పకపోతే అన్యాయం. 1977 తరువాత కట్టిన తుపాను రక్షణ భవనాలు, పెంచిన సరుగుడు తోటలు, ముందస్తు హెచ్చరికలు వృథా పోలేదు. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం వద్ద తీరం దాటిన పెను తుపానులో లక్షన్నర మందికి పైగా ముందే తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యి లోపున ఆగింది. ఇటీవలి జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకంలో భవనంతో పాటు దాని నిర్వహణకు మూలనిధి, గ్రామస్థుల కమిటీ కూడా కలిపారు. ప్రాణాల విషయంలో పెట్టిన ఈ పద్ధతి పంటల విషయంలో పెట్టడానికి అడ్డేమిటో బోధపడదు.

డ్రెయిన్ల పూడికతీతకు టెండర్లు జనవరిలోనే పిలిచి మే నెలాఖరుకు పని ముగించాలని, తీసిన లోతు కొలతలు పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయించాలని, కొత్త రోడ్డు తూముల కొలతలు ఖరారు చేసే ముందు ఎగువ పొలాల రైతులను ఒకసారి అడగాలని ఈ ప్రాంత రైతులు కోరుతున్నారు.