కోళ్ల షెడ్డులో మొదటి రోజు

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గరి వేల్పూరు, పెరవలి మండలంలోని కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్‌ఫ్లూ సోకిందని భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల తేల్చింది. కోళ్లు పెంచేవారికి కొక్కెర తెగులు పాత శత్రువే. అందుకే చావులు మొదలైన రోజున మనసు దాని మీదికే పోతుంది.

బర్డ్‌ఫ్లూ అయితే రాత్రి దాణా తిన్న కోడి తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. జుట్టు, తమ్మెలు వాచి నీలం తిరుగుతాయి. కాళ్ల పొలుసుల కింద ఎర్రటి రక్తపు మచ్చలు కనిపిస్తాయి. గుడ్లు తగ్గిపోతాయి, పెట్టినవాటిలో తోలుగుడ్లు ఎక్కువవుతాయి. అయితే మెడ తిరిగిపోవడం, పచ్చటి విరేచనాలు రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. ఎంత అనుభవం ఉన్నా కంటిచూపుతో తేల్చలేరు, నమూనా పరీక్షకు వెళ్లాల్సిందే.

బర్డ్‌ఫ్లూ ఇంత వేగంగా ఎందుకు చంపుతుంది? వైరస్ పైపొరలో హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. కోడి ఒంట్లోని ఎంజైమ్ దాన్ని ఒకచోట కత్తిరిస్తేనే వైరస్ కణంలోకి చొరబడగలదు. సాధారణ రకాలను కత్తిరించే ఎంజైములు శ్వాసనాళంలో, పేగుల్లోనే ఉంటాయి కాబట్టి జబ్బు అక్కడితో ఆగుతుంది. ప్రాణాంతకమైన హెచ్5ఎన్1 రకంలో ఆ చోటు మారిపోయింది. దాన్ని కత్తిరించే ఎంజైములు ఒళ్లంతా ఉన్నాయి. గుండె, మెదడు, ఊపిరితిత్తులు అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. అదే వైరస్‌తో కొన్ని బాతులు మాత్రం హాయిగా తిరుగుతూ రెట్టల్లో దాన్ని వదులుతుంటాయి. చెరువు నీళ్లు శుద్ధి చేయకుండా షెడ్డుకు పెట్టొద్దనేది అందుకే.

అనుమానం వస్తే కోడిని కోసి చూడకండి. మాస్కు, గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఈ వైరస్‌తోనే చనిపోయింది. కోళ్లు, గుడ్ల ట్రేలు, దాణా బస్తాలు, బండ్లు బయటికి కదలనివ్వకండి. చచ్చినవాటిని కాలువలో పడేస్తే దిగువ ఊళ్లకు జబ్బు పంపినట్టే. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. తినేవారికి భయం అక్కర్లేదు, 70 డిగ్రీల వేడిలో బాగా ఉడికిన మాంసంలో వైరస్ బతకదు.

జబ్బు తేలితే చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపేస్తారు, పది కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు. రైతుకు అది గుండెకోతే. కానీ ప్రభుత్వ పరిహారం అలా చంపిన కోళ్లకే వస్తుంది, జబ్బుతో ముందే చచ్చినవాటికి రాదు. దాచిన ప్రతి రోజూ రైతుకే నష్టం. చావులు ఒక్కసారిగా పెరిగితే ఆ పూటే పశువైద్యుడికి కబురు పెట్టండి.