చెరకు తోట మలుపులో వాలంటీరు

మీ ఊరి దగ్గర కాలేజీ విద్యార్థుల క్రాస్ కంట్రీ పోటీ జరుగుతోంది, వాలంటీర్లు కావాలి అన్నారనుకోండి. చేతికి ఒక చిన్న జెండా ఇచ్చి, మిమ్మల్ని బోధన్ వైపు ఏ చెరకు తోట మలుపులోనో నిలబెడతారు. ఈ పరుగు మైదానంలో జరిగేది కాదు. మట్టి బాటలు, పొలం గట్లు, కాలువ కట్టల వెంట సాగుతుంది. పెద్దలంతా బయలుదేరే చోటా, ముగిసే చోటా ఉంటారు. మధ్య దారిలో పరుగెత్తేవాడి ముఖం దగ్గరగా చూసేది మీరొక్కరే. ఆ ముఖంలో ఏం చూడాలి?

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. 50 కిలోల బరువున్న యువకుడు 10 కిలోమీటర్లు పరుగెత్తాడు. కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు 1 కిలోకాలరీ చొప్పున 500 కిలోకాలరీలు ఖర్చవుతాయి. అందులో ఏ నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే కండరాలు పనిగా మార్చగలవు. మిగిలిన 400 కిలోకాలరీలు వేడిగా మారతాయి. మన శరీరపు విశిష్టోష్ణం సుమారు 0.83. కాబట్టి 400ను 50తోను, 0.83తోను భాగించండి. దాదాపు 9.6 వస్తుంది. అంటే ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే, 37 డిగ్రీల శరీరం 46 డిగ్రీలు దాటుతుందన్నమాట! 40 దాటితేనే మెదడు తడబడుతుంది, ప్రాణానికే ముప్పు.

మరి మనవాడు ఎలా బతికి బయటపడుతున్నాడు? ముఖ్యంగా చెమట వల్ల. ఒక గ్రాము చెమట ఆవిరయితే సుమారు 580 కాలరీల వేడిని తీసుకుపోతుంది. ఈ లెక్కన 700 గ్రాముల చెమట చాలు. కాని ఆవిరి కావాలి సుమా! నేల మీదికి కారిపోయిన చెమట వల్ల లాభం బహు స్వల్పం.

ఇప్పుడు మీరు నిలబడ్డ చోటు చూడండి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఈ ప్రాంతంలో చెరకు తగ్గింది, వరి పెరిగింది. అయినా ఎదిగిన చెరకు ఉన్నచోట అది మనిషి తలకంటే ఎత్తు. మధ్య బాటలో గాలి కదలదు. ఆకులు వదిలే ఆవిరి, పక్కన నీళ్లు నిలిచిన వరి మడి వదిలే ఆవిరి అక్కడే ఉంటాయి. నిజామాబాద్ రోడ్ల మీద హాయిగా పరుగెత్తినవాడికి కూడా ఇక్కడ బనియను తడిసి ముద్దవుతుంది, ఆరదు. అందుకే ఈ పోటీలను చలికాలంలో, పొద్దున్నే పెట్టడం మంచిది. ప్రారంభించవలసిన అతిథి గంట ఆలస్యంగా వస్తే ఎండెక్కి ఈ జాగ్రత్త కాస్తా వృథా అవుతుంది. నేను చూసిన సంగతే ఇది.

ఎండ ఏం చేయగలదో ఒలింపిక్ క్రీడల్లోనే తెలిసింది. ఒకప్పుడు అందులోనూ క్రాస్ కంట్రీ ఉండేది. 1924 జూలైలో పారిస్‌లో, 40 డిగ్రీలు దాటిందని చెప్పే ఎండలో 38 మంది బయలుదేరారు. చివరికంటా వచ్చింది 15 మందే. ఫిన్లాండు వీరుడు పావో నూర్మి ఏమీ జరగనట్టే గెలిచాడు గాని, మరికొందరు గమ్యం కళ్లెదుటే ఉన్నా తూలిపోయారు, దారి తెలియక తికమకపడ్డారు. ఆ తరువాత ఒలింపిక్స్‌లో ఈ పోటీ జరగనే లేదు.

ఆ తికమకే మీరు కనిపెట్టవలసిన గుర్తు. ఆయాసం అందరికీ ఉంటుంది. కాని ఒకతను తూలుతున్నాడు, బాట వదిలి పక్కకు పోతున్నాడు, ఊరికే కోపగించుకుంటున్నాడు. "అన్నా, ఏ కాలేజి మీది?" అని అడగండి. పొంతన లేని జవాబు వస్తే వెంటనే ఆపి, పెద్దలను కేకేయండి. ఒళ్లు తడిగా ఉంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగెత్తేవాళ్లకు చెమట పడుతూనే వడదెబ్బ తగలవచ్చు.

అప్పుడు 108కి ఫోను చేయించాలి. అయితే అంబులెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని ఉండకూడదు. ముందు చల్లబరచాలి, తరువాతే తరలించాలి. వేడి తగ్గించడం అరగంట దాటితే ప్రమాదం పెరుగుతుంది. దగ్గరలో బోరు ఉంటే మన అదృష్టం! నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగుతుంది. నీళ్ల హౌజు ఉంటే మెడదాకా అందులో ఉంచి, తల మునగకుండా ఇద్దరు పెద్దలు గట్టిగా పట్టుకోవాలి. లేదంటే నీడలో పడుకోబెట్టి బకెట్లతో నీళ్లు పోస్తూ, తువ్వాలుతో విసరాలి. చుట్టూ జనం గుమిగూడితే గాలి ఆడదు, వాళ్లను తరమండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బాగానే ఉన్నవాళ్లకు నీళ్లివ్వండి, కాని "తాగు, తాగు" అని బలవంతపెట్టకండి. 2002లో బోస్టన్ మారథాన్ పరుగెత్తిన 488 మంది రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. పరుగులో బరువు పెరిగేటంతగా నీళ్లు తాగినవారికే ఈ ముప్పు ఎక్కువ. 10 కిలోమీటర్లకు ఇది అరుదే. దాహం తీరేంత చాలు.

ఒక కాగితం మీద రొమ్ము నంబర్లు వచ్చినవి వచ్చినట్టు రాసుకోండి. ముందున్నవాళ్లు దాటగానే జెండా చుట్టేసి బహుమతులు చూడడానికి పరుగెత్తకండి. వెనకబడ్డవాళ్లే ఎక్కువసేపు ఎండలో ఉంటారు. చివరి నంబరు మీ మలుపు దాటిందా లేదా, కాగితం చూసి సరిచూసుకుని అప్పుడు కదలండి.