ఒక్క చుట్టేగా మామయ్యా!

జాకీ మీద లేపిన మారుతి 800 ముందు చక్రం వెనక చెయ్యి పెట్టి స్ప్రింగును పట్టుకుంటే, అది చేతిలో గిర్రున తిరిగింది. అలా తిరగకూడదు. చక్రం గాల్లో వేలాడుతున్నా సరే, స్ప్రింగు తన రెండు పళ్లేల మధ్య బిగుసుకునే ఉండాలి.

"ఒక్క చుట్టేగా మామయ్యా కోయించింది!" అన్నాడు మేనల్లుడు.

ఇరవయ్యేళ్లు దాటిన బండి. రోజూ ఆఫీసుకు అందులోనే వెళ్తాడు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ ఎక్కువై, పొట్టి లాగు తొడుక్కున్నట్టు ఉందని వాడి బాధ. బండిని కిందికి దించడానికి ఎవరి షెడ్డులోనో పావుగంటలో గ్రైండరుతో పని కానిచ్చేశాడు. కోసింది ఒక చుట్టే కావచ్చు, వేలు పెట్టింది మాత్రం ఎర్ల్ మెక్‌ఫర్సన్ లెక్కలో.

మెక్‌ఫర్సన్ 1891లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టిన ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ జనరల్ మోటార్స్ ఆయనకు షెవర్లే కాడెట్ అనే చిన్న కారు పని అప్పజెప్పింది. ధర వెయ్యి డాలర్లు దాటకూడదు, బరువు వెయ్యి కిలోలకు అటూ ఇటూ ఉండాలి. అప్పటి కార్లలో ముందు చక్రాన్ని పట్టుకోవడానికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి, వాటికి తోడు స్ప్రింగు, షాకప్ వేరువేరుగా ఉండేవి. ఇన్ని ఇనప ముక్కలకు ఆ బండిలో చోటూ లేదు, డబ్బూ లేదు. ఆయన పై చెయ్యిని తీసి పారేశాడు. షాకప్‌నే బలమైన స్తంభంగా మార్చి, దానికి స్ప్రింగు తొడిగి, తలను నేరుగా బండి బాడీకి బిగించాడు. స్టీరింగు తిప్పితే ఆ స్తంభమే తిరుగుతుంది. ఇలాంటి ఊహ 1920ల్లోనే ఫియట్ ఇంజనీరు గుయిడో ఫోర్నాకాకు వచ్చింది గానీ, దాన్ని చవగ్గా, లక్షల్లో చేయదగ్గ వస్తువుగా మలిచింది మెక్‌ఫర్సనే.

కాడెట్ 1947లో అటకెక్కింది. అదే ఏడు ఆయన ఫోర్డుకు మారాడు. 1950 లండన్ మోటార్ షోలో చూపించిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో ఈ స్తంభానికి పేరొచ్చింది. 1960లో ఆయన పోయాడు. 1983 డిసెంబరులో మన రోడ్డెక్కిన మారుతి 800 ముందు చక్రాలకూ అదే ఏర్పాటు. బానెట్ ఎత్తి చూడండి, రెండు పక్కలా గుండ్రటి గుబ్బలూ వాటి మీద నట్లూ కనిపిస్తాయి. అవి ఆ స్తంభాల తలలు.

పొదుపు కోసం నాలుగు పనులు ఒక్క స్తంభం నెత్తిన పెట్టారు కాబట్టి, ఎత్తు తగ్గిస్తే తగ్గేది ఎత్తొక్కటే కాదు.

ముందుగా స్ప్రింగు సంగతి. నొక్కినప్పుడు అది పొట్టిదవుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి లోపల తీగ మెలిపడుతుంది. తడి పంచెను పిండేటప్పుడు ఎన్ని మెలికలైనా తిప్పగలం, అదే చేతిరుమాలైతే రెండు మెలికలకే మొండికేస్తుంది. తీగ పొడవు తగ్గితే బిరుసు పెరుగుతుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్నచోట ఒకటి కోస్తే, మిగిలిన అయిదు చుట్ల స్ప్రింగు 20 శాతం బిరుసెక్కుతుంది. దాన్ని అదుపు చేయాల్సిన షాకప్ మాత్రం పాత స్ప్రింగుకు తగ్గట్టు చేసింది. పైగా అరిగిపోయింది కూడా. గ్యాస్ మంటతో కాల్చి స్ప్రింగును కూర్చోబెట్టే వాళ్లూ ఉన్నారు. అది ఇంకా అన్యాయం. ఉక్కుకు పెట్టిన పదునే పోతుంది.

ఇక కింది చెయ్యి. బండి దిగేసరికి అది చక్రం వైపు పైకి లేస్తుంది. మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, బండి దిగినదానికన్నా ఎక్కువే జారిపోతుంది. అంటే నేలకు దగ్గరైన బండికి ఒరిగే బుద్ధి పెరగవచ్చు. బిరుసు స్ప్రింగు దాన్ని కప్పిపుచ్చుతుంది, కుర్రాళ్లేమో 'రోడ్డుకు అతుక్కుని పోతోంది' అంటారు. చక్రాల వాలూ మారుతుంది. మావాడి టైరును వేళ్లతో తడిమి చూశాను. బయటి అంచున గాడులు కొత్తవాటిలాగే ఉన్నాయి, లోపలి అంచున తీగలు తేలాయి. కోయించాక అలైన్‌మెంట్ చేయించలేదట.

బండిని దించే ఈ సరదా కొత్తదేం కాదు. కాలిఫోర్నియాలో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు 1940ల నుంచే డిక్కీలో ఇసక బస్తాలు వేసి, స్ప్రింగులు కోసి కార్లను నేలకు దించేవారు. చక్రాల రిమ్ముల అడుగు కన్నా బండిలో ఏ భాగమూ కిందికి ఉండకూడదని అక్కడి ప్రభుత్వం 1950ల చివర్లో చట్టం చేసింది. రాన్ అగిర్రే అనే కుర్రాడు 1959లో తన కార్వెట్‌కు విమానాల హైడ్రాలిక్ పంపులు బిగించాడు. జనం చూసేటప్పుడు ఒక ఎత్తు, పోలీసు కనబడితే ఇంకో ఎత్తు! రోజూ నడిపే బండికి ఇంతకన్నా తెలివైన జవాబు నాకు తోచదు.

మనకు పోలీసుల కన్నా స్పీడ్ బ్రేకర్ల బెడద ఎక్కువ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మా వీధిలోది మటుకు ఎవరో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన గట్టు. దించిన బండికి చక్రం పైకి లేవడానికి చోటు తక్కువ, షాకప్ గొట్టం పోయి రబ్బరు దిమ్మకు 'దభ్'మని గుద్దుకుంటుంది. గుంటలో పడితే వదులైన స్ప్రింగు టంగుమంటుంది. ఆ చప్పుడుకు బెదిరి మా అక్క ఆ బండెక్కడం మానేసింది.

దించాలంటే పద్ధతి లేకపోలేదు. పొట్టిగా చేసినా పూర్తిగా వేలాడినప్పుడు వదులు కాని స్ప్రింగులు, వాటికి జతగా పొట్టి షాకప్‌లు, ఆపైన అలైన్‌మెంట్. ఖర్చు విని మావాడు మెత్తబడ్డాడు. కంపెనీ కొలతల స్ప్రింగులూ షాకప్‌లూ వేయించి, బండిని పాత ఎత్తుకే తెచ్చాం. అక్క మళ్లీ ఎక్కుతోంది. ఇప్పుడు వాడి చూపు చక్రాల మీద పడింది. కాస్త పెద్దవి వేస్తే ఆ ఖాళీ కనపడదట.