మీకు తెలుసా? కవరులో గసగసాలు

ఇన్‌లాండ్ లెటరు అంచును నాలుకతో తడిపి అంటించిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. కార్డు రాస్తే పోస్ట్‌మ్యాన్ చదివేస్తాడు. అందుకే నలుగురికీ తెలియకూడని సంగతులు ఇన్‌లాండులోనే రాసేవాళ్లు. అంచు చిరిగి ఉంటే ఎవరో విప్పారని పట్టేసేవాళ్లు. ఈమెయిలుకి ఆ అంచు లేదు. ఉత్తరాలు విప్పిన ప్రభుత్వాలు, అడ్డుపడిన మనుషులు... ఈసారి ఆ ముచ్చట్లు.

గసగసాల పరీక్ష

ఇటలీ దేశభక్తుడు మాజినీ స్వదేశం విడిచి లండన్‌లో తలదాచుకున్న రోజులవి. తనకొచ్చే ఉత్తరాలు ఎవరో చదువుతున్నారని 1844లో ఆయనకు అనుమానం వచ్చింది. మిత్రులకు చెప్పి కవర్లలో గసగసాలు, ఇసుక రేణువులు, వెంట్రుకలు పెట్టించాడు. కవరు ఇల్లు చేరేసరికి అంటింపు భద్రంగానే ఉంది, గసగసాలు మాత్రం లేవు! హోం మంత్రి జేమ్స్ గ్రాహం వారంటుతో పోస్టాఫీసులోనే వాటిని విప్పి, చదివి, మళ్లీ అంటిస్తున్నారని తేలింది. పార్లమెంటు అట్టుడికింది. 'పంచ్' అనే హాస్య పత్రికయితే కవర్లకు అంటించుకోమని గ్రాహం వ్యతిరేక బిళ్లలు గీసిచ్చింది. పోస్టాఫీసులో ఆ పని చేసే రహస్య విభాగం ఆ ఏడే మూతపడింది.

ఆర్నెల్లు దాటితే దిక్కులేనిదే

ఈమెయిలుకు రక్షణగా అమెరికా 1986లో ఒక చట్టం చేసింది. కంపెనీ సర్వర్లో ఉన్న మెయిలు 180 రోజుల లోపుదైతే, చదవడానికి పోలీసులు జడ్జి దగ్గర వారంటు తెచ్చుకోవాలి. ఆ గడువు దాటిన మెయిలుకు వారంటు అక్కర్లేదు, అంతకంటే తేలిగ్గా దొరికే సబ్‌పీనా అనే హుకుం చాలు.

ఈ లెక్క ఎక్కడిది? అప్పట్లో సర్వర్లో చోటంటే బంగారం. మెయిలు రాగానే జనం తమ కంప్యూటర్లోకి దించుకునేవాళ్లు. ఆర్నెల్లయినా తీసుకోలేదంటే అది వదిలేసిన సామానే అనుకున్నారు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఏకంగా ఒక జీబీ చోటిస్తానంటూ వచ్చింది. తేదీ చూసి ఏప్రిల్ ఫూల్ అనుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పటి నుంచి మెయిళ్లు చెరపడమే మానేశాం. చట్టం మాత్రం 1986 దగ్గరే ఆగిపోయింది.

మెయిలు ఎంత పాతదైనా సరే, వారంటు ఉండాల్సిందేనని 2010లో వార్షాక్ కేసులో ఒక అప్పీలు కోర్టు చెప్పింది. పెద్ద కంపెనీలు ఆ తీర్పునే పట్టుకుని వారంటు అడుగుతున్నాయి. అసలు చట్టాన్నే మార్చే బిల్లుకు 2016లో ప్రతినిధుల సభలో అనుకూలంగా 419 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. అంత మద్దతున్న బిల్లూ సెనేటు గడప దాటలేదు.

సంతకం పెట్టని రాష్ట్రపతి

ఢిల్లీలోనూ అది 1986వ సంవత్సరమే. ఉత్తరాలను ఆపే, విప్పే అధికారాన్ని పెంచుతూ రాజీవ్ గాంధీ ప్రభుత్వం పోస్టాఫీసు సవరణ బిల్లు తెచ్చింది. రెండు సభలూ ఆమోదించాయి. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ మాత్రం సంతకం పెట్టలేదు, అలాగని తిప్పీ పంపలేదు. తన దగ్గరే అట్టిపెట్టుకున్నారు. ఇన్నాళ్లలోగా తేల్చాలని రాజ్యాంగం గడువు పెట్టలేదు మరి. గ్రూప్స్‌కు చదివేవాళ్లు 'పాకెట్ వీటో' అనగానే చెప్పే ఉదాహరణ ఇదే. ఆ బిల్లు చట్టం కాలేదు గానీ, ఉత్తరాలు ఆపే సెక్షన్ 1898 నాటి పాత చట్టంలో ముందునుంచీ ఉంది. 2023లో వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలోనూ సెక్షన్ 9గా కొనసాగింది.

హైదరాబాదు పేరుతో ఒక తీర్పు

1986లో మూడో సంగతి మన దగ్గరే జరిగింది. స్టాంపు డ్యూటీ ఎగవేతను పట్టుకోవాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలోని సెక్షన్ 73ను సవరించింది. దాంతో కలెక్టరు పంపిన మనిషి బ్యాంకుకు వెళ్లి, ఖాతాదారులు అక్కడ ఉంచిన దస్తావేజులు తిరగేయవచ్చు. బ్యాంకులు కోర్టుకెక్కాయి. 'జిల్లా రిజిస్ట్రారు, హైదరాబాదు – కెనరా బ్యాంకు' కేసులో ఆ సవరణ చెల్లదని 2004లో సుప్రీంకోర్టు తేల్చేసింది. గోప్యత మనిషిది, చోటుది కాదంది. కాగితం బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన అందులోని గుట్టు మీద మన హక్కు పోదంది.

అమెరికా సుప్రీంకోర్టు 1976లో మిల్లర్ కేసులో దీనికి సరిగ్గా ఎదురు మాట చెప్పింది. బ్యాంకు దగ్గరున్న లెక్కలు బ్యాంకువే, ఖాతాదారుకు వాటి మీద గోప్యత లేదంది. ఇప్పుడు బ్యాంకు ఉన్న చోట మెయిలు కంపెనీని పెట్టి చూడండి. మన ఇన్‌బాక్సు కూడా ఇంకొకరి గదిలో దాచుకున్న మన కాగితాల పెట్టే కదా!

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క మాటగా చెప్పారు. వాళ్లలో కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ ఒకరు. 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్ మరొకరు.

వారం వారం రెట్టింపు

ఖాతాల సమాచారం ఇవ్వమన్న అమెరికా ప్రభుత్వంతో యాహూ రహస్య కోర్టులో పోరాడింది. అక్కడ ఓడినా ఇంకా బెట్టు చేస్తుంటే, 2008లో ప్రభుత్వం జరిమానా వేయమని అడిగింది. రోజుకు రెండున్నర లక్షల డాలర్లు, అదీ వారం వారం రెట్టింపు. చదరంగం గళ్లలో వడ్లగింజల కథలాంటిదే ఇదీ. పదో వారానికి రోజుకు 12 కోట్ల 80 లక్షల డాలర్లవుతుంది! యాహూ దిగివచ్చింది. ఈ గొడవంతా జరిగినట్టు దాని ఖాతాదారులకు పూర్తిగా తెలిసింది 2014లో.

పంచాంగం కంటే చిన్న అక్షరాలు

అమెరికాలో లావాబిట్ అనే చిన్న మెయిలు కంపెనీ ఉండేది. యజమాని లాడార్ లెవిసన్. ఖాతాలు నాలుగు లక్షల పైచిలుకు. 2013లో ఎఫ్‌బీఐకి కావలసింది అందులో ఒక్క ఖాతా. అది అమెరికా నిఘా గుట్టు రట్టుచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్‌దని తర్వాత బయటపడింది. అయితే వాళ్లు అడిగింది అన్ని ఖాతాల రాకపోకలనూ విప్పగలిగే తాళంచెవి. లెవిసన్ కోర్టు మాట కాదనలేదు, తాళంచెవి ఇచ్చాడు. ఎలా? 11 పేజీల మీద, నాలుగు పాయింట్ల అక్షరాల్లో అచ్చువేసి! పంచాంగంలో తిథుల పట్టిక కూడా అంత చిన్నగా ఉండదు. 2,560 అక్షరాలు తప్పు లేకుండా మేం చేత్తో కొట్టుకోవాలా అని ప్రభుత్వం మొత్తుకుంది. జడ్జి రోజుకు 5,000 డాలర్ల జరిమానా వేశాడు. రెండు రోజులకు లెవిసన్ తాళంచెవి సరైన రూపంలో ఇచ్చాడు. మర్నాడు, ఆగస్టు 8న, కంపెనీనే మూసేశాడు.

పంపని ఉత్తరమూ చిక్కింది

సీఐఏ అధిపతి డేవిడ్ పెట్రేయస్, ఆయన జీవితచరిత్ర రాసిన రచయిత్రి ఒక జీమెయిల్ ఖాతాను ఇద్దరూ వాడుకునేవారు. ఒకరు రాసి, పంపకుండా డ్రాఫ్టులో వదిలేస్తారు. ఇంకొకరు అదే పాస్‌వర్డుతో తెరిచి చదువుకుంటారు. మెయిలు పంపితే కదా దొరికేది అనుకున్నారు. వేరే బెదిరింపు మెయిళ్ల ఫిర్యాదు మీద ఎఫ్‌బీఐ తీగ లాగింది. ఆ మెయిళ్లు ఏ ఊళ్లలోని ఏ హోటళ్ల నుంచి వచ్చాయో తీసి, బస చేసినవాళ్ల జాబితాలతో పోల్చింది. డొంకంతా కదిలి 2012 నవంబరు 9న పెట్రేయస్ రాజీనామా చేశాడు. గూఢచారుల పెద్దకే తట్టని విషయం ఏమిటంటే, డ్రాఫ్టు కూడా సర్వర్లోనే ఉంటుంది.

ఆయుధంలాంటి పుస్తకం

తాళంచెవి కంపెనీ దగ్గర కాక రాసేవారి దగ్గరే ఉండేలా 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. అప్పటి అమెరికా చట్టంలో గట్టి సంకేత లిపి ఎగుమతి అంటే ఆయుధాల ఎగుమతితో సమానం. ఆయన మీద విచారణ మొదలైంది. సాఫ్ట్‌వేర్ దేశం దాటకూడదు సరే, పుస్తకం దాటవచ్చు కదా! 1995లో ఆ ప్రోగ్రాం మొత్తాన్ని ఎంఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చువేసింది. మరుసటి ఏడాది విచారణ ఆగిపోయింది.

మన లెక్క, మళ్లీ 180

మన దగ్గర మెయిలు చూడటానికి ఐటీ చట్టం సెక్షన్ 69, దాని కింద 2009 నాటి నిబంధనలు ఉన్నాయి. ఇక్కడ వారంటు ఇచ్చేది జడ్జి కాదు. కేంద్రంలో హోం కార్యదర్శి, రాష్ట్రంలో హోం శాఖ కార్యదర్శి ఆదేశిస్తారు. ఒక్కో ఆదేశం 60 రోజులు నడుస్తుంది, పొడిగిస్తూ పోయినా మొత్తం 180 రోజులు దాటకూడదు. అధికారుల సమీక్షా కమిటీ రెండు నెలలకోసారైనా కూర్చుని ఆదేశాలు సరిచూడాలి. సహకరించని కంపెనీ మనిషికి ఏడేళ్ల దాకా జైలు. ఎవరెవరు చూడవచ్చో చెబుతూ కేంద్రం 2018 డిసెంబరు 20న పది సంస్థల పేర్లు ప్రకటించింది. ఐబీ, సీబీఐ, ఎన్ఐఏ, ఈడీతోపాటు ప్రత్యక్ష పన్నుల బోర్డూ ఆ జాబితాలో ఉంది. ఈ వ్యవహారమంతా రహస్యంగా ఉంచాలన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది. ఖాతా ఎవరిదో వారికి చెప్పాలన్న నియమం మాత్రం లేదు.

మరి గసగసాలో?

కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, పేజీ అడుగున కుడివైపు చూడండి. ఖాతాను చివరిసారి ఎప్పుడు తెరిచారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కనున్న 'వివరాలు' నొక్కితే ఎప్పుడు, ఏ పరికరం నుంచి తెరిచారో వరసగా కనిపిస్తుంది. మన పాస్‌వర్డు కొట్టేసినవాడు ఇక్కడ దొరుకుతాడు. ఆదేశం పట్టుకుని నేరుగా కంపెనీ గుమ్మంలోకి వెళ్లినవాళ్లు కనిపించరు. చట్టం అడ్డు చెప్పకపోతే ముందుగా ఖాతాదారుకు కబురు చేస్తామని గూగుల్ అంటుంది. అడ్డు చెబితే దాని నోరూ కట్టేసినట్టే.

ఈ శీర్షిక పేరు 'మీకు తెలుసా?' కదా. మీ మెయిలు ఎవరైనా చదివారా అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం మా దగ్గరా జవాబు లేదు.